కాటుకయ్య పగటి కాపలా

జ్యేష్ఠ శుద్ధ దశమి, గురువారం, పొద్దు పొడిచి రెండు గడియలైన వేళ, ఎండమావుల బయలులో ఒక నిప్పుకోడి పుంజు గూటి మీద నుంచి లేవనని భీష్మించుకు కూర్చున్నాడు.

ఇందులో వింతేముందని మీకు అనిపించవచ్చు. అది తెలియాలంటే ముందు ఆ బయలు సంగతి, ఆ ఇంటి సంగతి చెప్పాలి.

ఎండమావుల బయలు పేరుకు అడవే గానీ అక్కడ దట్టమైన చెట్లు లేవు. కనుచూపు మేర ఎండిన గడ్డి, ఇసుక, అక్కడక్కడ గొడుగులా విచ్చుకున్న తుమ్మచెట్లు. ఒక మూల చిన్న నీటి మడుగు. ఆ బయలులో చారల గుర్రాలు, జింకలు, నక్కలు, దుమ్ములగొండులు, రాబందులు ఉండేవి. వాటన్నిటి మధ్య నిప్పుకోళ్ళు కాపురం చేసేవి.

నిప్పుకోడి పక్షే, కానీ ఎగరలేదు. చెట్టెక్కి గూడు కట్టుకోలేదు. ఇసుకను కాళ్ళతో చిమ్మి, గుంట చేసి, ఆ గుంటలోనే గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డూ చిన్న కొబ్బరిబోండమంత ఉంటుంది. పైగా ఎండ తగిలితే తళతళా మెరుస్తుంది. అంతంత గుడ్లను ఆరుబయట ఎవరి కంటా పడకుండా కాపాడుకు రావడం మాటలు కాదు.

అందుకే ఆ జాతిలో ఒక ఆచారం ఉంది. పగలంతా పెట్ట కూర్చుంటుంది. పొద్దు వాలగానే పుంజు వచ్చి కూర్చుంటాడు. తెల్లవారితే మళ్ళీ పెట్ట. ఎవరి అమ్మమ్మ నాడు మొదలైందో తెలియదు గానీ, ఆ వంతు ఏ ఇంట్లోనూ తప్పలేదు.

ఆ గూడు చౌడమ్మది. ఆమె ఒళ్ళూ రెక్కలూ చౌడునేల రంగులో ఉండేవి. నెమ్మదస్తురాలు. తెల్లవారగానే తూర్పుకు తిరిగి, మెడ వంచి సూర్యుడికి దండం పెట్టుకోనిదే గడ్డిపరక ముట్టేది కాదు.

ఆమె పెనిమిటి కాటుకయ్య. పేరుకు తగిన నలుపు. రెక్కల చివరా తోకనా తెల్లటి ఈకలు. గుడ్లు పెట్టే రోజులు కావడంతో ముక్కుకూ కాళ్ళకూ ఎరుపు కూడా వచ్చి, చూడముచ్చటగా ఉండేవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు.

గూట్లో గుడ్లన్నీ చౌడమ్మవే కావు. ఆమెకు వరసకు చెల్లెలయ్యే రేగులమ్మకు ఇంకా సొంత గూడు లేదు. అలాంటివాళ్ళు పెద్ద పెట్ట గూట్లో గుడ్లు పెట్టి, ఆమెకు అప్పగించి వెళ్ళడం వాళ్ళలో ఉన్నదే. గుడ్డు పెంకు మీద సన్నటి చుక్కలుంటాయి. ఆ చుక్కల పోలికను బట్టి తన గుడ్డేదో తల్లి గుర్తుపడుతుంది. చౌడమ్మ తనవి మధ్యకు జరుపుకుంది. రేగులమ్మవి రెండూ అంచుకు వచ్చాయి. అయినా వాటినీ ముక్కుతో తిప్పేది, వాటినీ తన రెక్క కిందికి తీసుకునేది. రేగులమ్మ రోజూ సాయంత్రం వచ్చి, వంగి, ఆ రెండింటి దగ్గరా కాసేపు చెవి ఒగ్గి వెళ్ళేది.

పిల్లలు బయటికి వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. పెంకు లోపలి నుంచే సన్నగా కూయడం మొదలుపెట్టాయి. చౌడమ్మ గొంతులోనే ఒక చిన్న శబ్దం చేస్తే లోపల నుంచి బదులు పలికేవి. ఆ బదులు విన్నప్పుడల్లా ఆమెకు ఎండ తెలిసేది కాదు.

అలాంటి సమయంలో, బుధవారం నాడు, మడుగు దగ్గర ఒక మాట పడింది. చారల గుర్రాల మందకు పెద్ద చారయ్య. ఎవరినైనా నలుగురిలో పెట్టి నాలుగు మాటలు అనకపోతే అతనికి నీళ్ళు దిగవు. కాటుకయ్య ఒడ్డున నిలబడి తన నీడ చూసుకుంటుంటే పలకరించాడు.

"ఏం కాటుకయ్యా, ఇంటావిడ ఎండలో మాడిపోతుంటే నువ్వు కొత్తల్లుడిలా నీళ్ళ ఒడ్డున షికార్లు కొడుతున్నావు. రేపు పిల్లలు పుట్టి మా నాన్నెవరని అడిగితే మేం ఏం చెప్పాలి?"

జింకలు కూడా నవ్వాయి.

తను రాత్రంతా కూర్చుంటానని, నక్కలు వస్తే తన్ని తరుముతానని కాటుకయ్య చెప్పుకున్నాడు. అది నిజమే. అతని కాలి దెబ్బకు కాలు విరిగిన నక్క ఒకటి ఆ చుట్టుపక్కలే కుంటుతూ తిరిగేది. చారయ్య మాత్రం, రాత్రి మేం నిద్రపోతాం కదయ్యా, చూడనిది ఎట్లా నమ్మేది అని తోక ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ మాట కాటుకయ్య మనసులో ముల్లులా దిగింది. ఆ రాత్రి గుడ్ల మీద కూర్చున్నాడే గానీ, తన కష్టం ఎవరూ చూడటం లేదన్న ఆలోచన తప్ప మరొకటి రాలేదు.

తెల్లవారింది. చౌడమ్మ దండం పెట్టుకుని తన వంతుకు వచ్చింది. కాటుకయ్య కదల్లేదు. ఒంట్లో బాగాలేదేమోనని ఆమె కంగారుపడి అడిగింది.

"నాకేం కాలేదు. ఇవాళ పగలు కూడా నేనే కూర్చుంటాను. నువ్వెళ్ళి మేసిరా" అన్నాడు.

చౌడమ్మ పక్కనే కూలబడింది. తన తల్లి గుడ్లు తిప్పుతూ తనకు చెప్పిన సంగతి అతనికి చెప్పింది.

"నా రంగు పగటికి దుప్పటి, నీ రంగు రాత్రికి దుప్పటి. ఎగరలేనివాళ్ళకు భగవంతుడు ఇచ్చిన రక్ష ఇదేనని మా అమ్మ అనేది. పగలు నువ్వు కూర్చుంటే ఆమడ దూరానికి కనబడతావయ్యా."

"కనబడితే కనబడనీ. దొంగతనం చేస్తున్నానా?" అన్నాడు కాటుకయ్య. తరువాత గొంతు తగ్గించి అన్నాడు. "రాత్రంతా కాసేది నేను, పేరు నీది. ఈ ఒక్క పగలు నాకియ్యి చౌడమ్మా."

ఆ చివరి మాటకు చౌడమ్మ మెత్తబడింది. చలిలోనూ చీకటిలోనూ అతను కూర్చున్న మాట నిజమే. పైగా గూటి దగ్గర గొంతు పెంచి పోట్లాడితే వినకూడని వాళ్ళు వింటారు. మెడ నేలకు ఆనించి ఉండమని, ఏం జరిగినా లేవవద్దని, ఎవరినీ పిలవవద్దని మరీ మరీ చెప్పి ఆమె వెళ్ళింది. కాటుకయ్య అన్నిటికీ తలూపాడు.

ఎన్నాళ్ళకో పగటిపూట కాళ్ళు సాగాయి. చౌడమ్మ తుమ్మచెట్ల దాకా నడిచింది. పచ్చటి చిగుళ్ళు తిన్నది. తిన్నదాన్ని నూరుకోవడానికి నునుపైన గులకరాళ్ళు ఏరి మింగింది. నీడలో నిలబడి, రెక్కలు వదులు చేసి, హాయిగా ఊపిరి తీసుకుంది. ఆ హాయికి ఆమెకే సిగ్గేసి, మాటిమాటికీ గూడున్న దిక్కుకు చూస్తూనే ఉంది. ఇసుకలో ఒక నల్లటి మచ్చ అంత దూరానికీ స్పష్టంగా కనబడుతోంది. తన తల్లి ఎందుకు అలా చెప్పిందో మాటల్లో విన్నది గానీ, కళ్ళతో చూడటం ఆమెకు అదే మొదలు.

గూటి దగ్గర జరిగినది అంత దూరం నుంచి చౌడమ్మకు తెలియలేదు. ఆ సాయంత్రం కాటుకయ్యే ఒక్క ముక్క కూడా దాచకుండా తన నోటితో ఆమెకు చెప్పాడు.

ఆమె కనుమరుగు కాగానే అతను మెడ నిటారుగా ఎత్తాడు. రొమ్ము నింపుకుని, సింహం గర్జించినట్టు గుమ్మని శబ్దం చేశాడు. చారల గుర్రాలు మేత మాని వచ్చాయి. వాటి వెనకే జింకలు. కాటుకయ్య రెక్కలు విప్పి, తెల్ల ఈకలు కనబడేట్టు పరిచి, గుడ్ల మీద దర్జాగా కూర్చున్నాడు. జింకలు ఒళ్ళు మరిచి చూశాయి. చారయ్య కూడా, నీ గురించి తొందరపడి మాట్లాడానయ్యా, తండ్రంటే నువ్వే అన్నాడు. కాటుకయ్యకు ఆ పూట ఆకలీ దప్పికా గుర్తు రాలేదు.

ఎండ ముదిరింది. నల్లటి ఈకలు పెనంలా కాగాయి. చౌడమ్మ రోజూ ఎట్లా భరిస్తోందోనని ఒక్క క్షణం అనుకున్నాడట. ఇంతలో చారల గుర్రాలకు దాహమై వెళ్ళొస్తామన్నాయి. పొగిడిన వాళ్ళను కూర్చున్నచోటి నుంచే పంపితే మర్యాదగా ఉండదని అతనికి తోచింది. లేచి, పెళ్ళివారిని సాగనంపినట్టు వాటి వెంట కాస్త దూరం నడిచాడు.

గుడ్లు ఎండలో మెరిశాయి.

ఆకాశంలో తిరుగుతున్న ఒక తెల్ల రాబందు పొద్దుటి నుంచీ ఆ నల్లమచ్చను గమనిస్తూనే ఉంది. చప్పుడు కాకుండా దిగింది. ఆ జాతి రాబందులు పెంకు పగలగొట్టడానికి ముక్కుకన్నా రాయినే నమ్ముకుంటాయి. అది పిడికెడంత రాయిని ముక్కున కరుచుకుని, తల వెనక్కి ఎత్తి, అంచున ఉన్న గుడ్డు మీదికి విసిరింది. మళ్ళీ తీసి మళ్ళీ విసిరింది. కాటుకయ్య వెనక్కి తిరిగి చూసేసరికి పెంకు పగిలిపోయింది.

అతను పరుగున వచ్చి రాబందును తరిమాడు. అది ఎగిరిందే గానీ పోలేదు. మరో నాలుగు దానితో కలిశాయి. అన్నీ గూటి పైన గిరగిరా తిరగసాగాయి.

ఆ తిరుగుడు చౌడమ్మ కంట పడింది. దూరాన గుట్ట పక్కన పడుకున్న దుమ్ములగొండి కంటా పడింది. రాబందులు తిరిగేచోట తినడానికి ఏదో ఉంటుందని దుమ్ములగొండికి ఒకరు చెప్పాలా? అది లేచి ఒళ్ళు విదిలించుకుంది.

చౌడమ్మ పరుగెత్తింది. నిప్పుకోడి పరుగుకు ఆ బయలులో సాటి లేదు. కాలికి రెండే వేళ్ళు, ఒక్కో అంగా ఒక కాలువ దాటేంత. గూటి దగ్గరికి వచ్చేసరికి కాటుకయ్య తలవంచుకుని నిలబడి ఉన్నాడు. అంచున తడిసిన ఇసుక, చెదిరిన పెంకులు కనబడ్డాయి. పక్కన, బయటికి రాని ఒక బుల్లి రెక్క.

పెంకు మీద చుక్కలు చూసింది. అది రేగులమ్మ గుడ్డు. దాన్ని అంచుకు జరిపింది తనే.

ఏడవడానికి వ్యవధి లేదు. గడ్డిలో దుమ్ములగొండి వీపు కనబడుతూ దగ్గరికి వస్తోంది. చౌడమ్మ మిగిలిన గుడ్ల మీద కూర్చుని, రెక్కలు దించి, మెడను ఇసుక మీద బారుగా చాచింది. అలా పడుకున్న నిప్పుకోడిని దూరం నుంచి చూసినవాళ్ళు తలను ఇసుకలో దూర్చుకుందని అనుకుంటారు. తల బయటే ఉంటుంది, కళ్ళు తెరుచుకునే ఉంటాయి. ఎండలో ఆమె ఒక మట్టిదిబ్బ అయిపోయింది.

"నేను కనబడను. నువ్వు కనబడతావు. దాన్ని నీ వెంట తీసుకుపో" అని మాత్రం అంది.

కాటుకయ్యకు అర్థమైంది. అలాంటప్పుడు తండ్రి చేయవలసిన పని ఒకటి ఉంది. గాయపడినట్టు నటించి, తేలిగ్గా దొరికేట్టు కనబడి, శత్రువును గూటికి దూరంగా లాక్కుపోవాలి. అతను దుమ్ములగొండికి ఎదురుగా వెళ్ళి, ఒక రెక్కను విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ కుంటడం మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేసి పడ్డాడు. లేచాడు. దుమ్ములో దొర్లాడు. తెల్లటి ఈకలు మట్టి కొట్టుకుపోయాయి.

అప్పటికి చారల గుర్రాలు నీళ్ళు తాగి గట్టు మీద నిలబడి ఉన్నాయి. అంత దూరం నుంచి వాటికి గూడు కనబడలేదు, పగిలిన గుడ్డు కనబడలేదు. పడుతూ లేస్తూ పోతున్న కాటుకయ్య ఒక్కడే కనబడ్డాడు.

"చూడండర్రా మన దొరగారిని. కాసేపటి క్రితం సింహాసనం మీద కూర్చున్నాడు. దుమ్ములగొండిని చూడగానే కాళ్ళు వణికిపోయాయి" అన్నాడు చారయ్య.

ఆ నవ్వు నేలకు ఆనించిన చౌడమ్మ మెడ దాకా వినవచ్చింది. కాటుకయ్యకు ఇంకా దగ్గరగా వినబడి ఉంటుంది. ఇప్పుడు అతను నిటారుగా నిలబడి ఒక్కసారి తన పరుగు చూపిస్తే చాలు, ఆ నవ్వులు ఆగిపోతాయి. కానీ అలా చేస్తే దుమ్ములగొండి అతన్ని వదిలేసి వెనక్కి తిరుగుతుంది. గడ్డి పరకల సందుల్లోంచి చౌడమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. పేరు కోసం పొద్దున అంత పట్టుబట్టినవాడు ఇప్పుడేం చేస్తాడో ఆమెకు తెలియలేదు. స్వామీ, అతనికి ఈ అవమానం ఓర్చుకునే శక్తి ఇవ్వమని మనసులోనే వేడుకుంది.

కాటుకయ్య గట్టు వంక చూడలేదు. ఇంకోసారి పడ్డాడు. ఈసారి మరీ ఘోరంగా, మెడ వంకర పెట్టి పడ్డాడు. దుమ్ములగొండి నాలుక చాచి అతని వెంటపడింది. అలా అలా గట్టు దాటి, మడుగు దాటి, ఎండమావుల మెరుపులో ఇద్దరూ కనుమరుగైపోయారు. అక్కడ అతను రెక్క ఎత్తి లేచి గాలిలా సాగిపోయి ఉంటాడు. అది చూడటానికి అక్కడ ఎవరూ లేరు.

కూర్చున్న తల్లిని దాటి రాయి వేయలేక రాబందులు కూడా కాసేపటికి చెదిరిపోయాయి.

పొద్దు వాలుతుండగా కాటుకయ్య పెద్ద చుట్టు తిరిగి ఇల్లు చేరాడు. ఒళ్ళంతా మట్టి. గూటికి కాస్త ఎడంగా నిలబడి, పగలు జరిగినదంతా చౌడమ్మకు చెప్పాడు.

ఇంతలో రోజూ వచ్చే వేళకు రేగులమ్మ వచ్చింది. అక్కను పలకరించి, వంగి, మొదటి గుడ్డు దగ్గర చెవి ఒగ్గింది. లోపలి నుంచి కూత వినబడింది. ఆమె ముఖం విప్పారింది. రెండోదాని కోసం పక్కకు జరిగింది. అక్కడ తడి ఇసుక ఉంది.

చౌడమ్మ చెప్పబోయింది. కాటుకయ్య ఆమెను ఆపి ముందుకు వచ్చాడు.

"రేగులమ్మా, పగలు మీ అక్క కూర్చోలేదు, నేను కూర్చున్నాను. నలుగురూ నన్ను చూడాలని కూర్చున్నాను. వాళ్ళను సాగనంపడానికి లేచాను. నీ బిడ్డ అప్పుడు పోయింది."

రేగులమ్మ ఆ తడి ఇసుక మీదికి మెడ వంచింది. పడమట ఎరుపు కూడా పోయి మసక చీకట్లు కమ్మాక తలెత్తింది.

"రాత్రికి ఎవరు కూర్చుంటారు బావా?"

"నువ్వు కూర్చోమంటే నేను."

"కూర్చో. ఇంకొకటి పిలుస్తోంది" అంది.

కాటుకయ్య మెల్లగా గుడ్ల మీదికి వంగి, ఒక్కొక్కటే ముక్కుతో తిప్పి, కూర్చున్నాడు. రేగులమ్మ గుడ్డును అంచు నుంచి లాగి రొమ్ము కిందికి తెచ్చుకున్నాడు. ఆ రాత్రి రేగులమ్మ వెళ్ళిపోలేదు. అక్క పక్కనే పడుకుంది.

మర్నాడు శుక్రవారం, ఏకాదశి. తెల్లవారేసరికి గుడ్లన్నీ పగిలి పిల్లలు బయటికి వచ్చాయి. ముళ్ళలాంటి నూగు, మెడ మీద మచ్చలు, వణికే కాళ్ళు. రేగులమ్మ బిడ్డ అందరికన్నా చివర పుట్టింది, అందరికన్నా చిన్నది.

ఆ పొద్దున ఆ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ మేత ముట్టలేదు. ముగ్గురూ తూర్పుకు తిరిగి దండం పెట్టుకున్నారు. పగిలిన పెంకులను ఒకచోటికి చేర్చి, ముగ్గురూ కాళ్ళతో ఇసుక తోసి కప్పారు. ఎండ ముదరకముందే పిల్లలను తీసుకుని తుమ్మచెట్ల వైపు బయలుదేరారు. చౌడమ్మ రేగులమ్మను ముందు నడవమని, తను పక్కన నడిచింది. దారిలో చారయ్య ఎదురై, కాటుకయ్యను చూసి ఏదో అనబోయాడు. కాటుకయ్య వినడానికి ఆగలేదు. అందరి వెనక, వాళ్ళ కాళ్ళ దుమ్ములో నడుస్తున్నాడు. నడవలేక వెనకబడిన చిన్నదాని మీద ఎండ పడకుండా ఒక రెక్క విప్పి పట్టుకుని, దాని అడుగులకు సరిగా తన అడుగులు చిన్నవి చేసుకున్నాడు.

నీతి: మెప్పు కోసం వంతు తప్పినవాడు తనను నమ్మినవాళ్ళకు చేటు తెస్తాడు. ఎవరు చూసినా చూడకపోయినా తన వంతు పని తాను చేసేవాడే ఇంటిని కాపాడతాడు.